కుర్చీ వెనక నిలబడ్డ మనిషి

1988లో నేను ల్యాబ్ ప్రోగ్రామర్‌గా చేరేనాటికి మా కాలేజీ మొత్తమ్మీద ఏసీ ఉన్న గది ఒక్కటే, అది కంప్యూటర్ ల్యాబ్. ప్రిన్సిపాల్ గారి గదిలో కూడా ఫ్యానే. చెప్పులు బయట విప్పి, పాదాలు పట్టాకి తుడుచుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి రావాలి. పన్నెండు మెషీన్లు, అన్నీ పీసీ ఎక్స్‌టీలు. రెండింటికే హార్డ్ డిస్కు ఉండేది, మిగతావి ఫ్లాపీ పెడితేనే లేచేవి. బ్యాచికి ముప్పైమంది పిల్లలు. ఒకరు కూర్చుంటే ఒకరో ఇద్దరో ఆ కుర్చీ వెనక నిలబడాల్సిందే.

మనిషికి నలభై నిమిషాలు. అందుకని ప్రోగ్రాం ఇంటి దగ్గరే నోటు పుస్తకంలో రాసుకుని, డ్రై రన్ చేసి, ఏ అడుగులో ఏ వేరియబుల్ విలువ ఎంతో పెన్సిల్‌తో లెక్కకట్టి తెచ్చుకునేవాళ్లు. కూర్చోగానే టైపు చెయ్యడమే. ముప్పై అయిదో నిమిషానికి వెనకవాళ్ల చెయ్యి వచ్చి కుర్చీ వీపు మీద వాలేది. ఎవరూ ఎవర్నీ లెమ్మనేవాళ్లు కాదు. చెయ్యి పడిందంటే సేవ్ చేసుకోవాలని అర్థం. "ఒక్క రన్, మేడం, ఒక్క రన్" అని నన్ను బతిమాలేవాళ్లు ఉండేవాళ్లు గానీ, వెనక నిలబడ్డవాడు "పోనీలే, చేసుకో" అంటేనే ఆ రన్ జరిగేది. అనుమతి నాది కాదు, వాడిది.

ముప్పై నాలుగేళ్లు ల్యాబులోనే గడిపాను. కాలేజీ పిల్లలు కంప్యూటర్‌నీ నెట్‌వర్క్‌నీ బాధ్యతగా వాడాలనే మాట ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నాకు చట్టాలూ సర్క్యులర్లూ గుర్తుకు రావు. కుర్చీ వీపు మీద పడ్డ ఆ చెయ్యి గుర్తొస్తుంది.

నేను చదువుకున్న రోజుల్లో ఇంకా వేరేగా ఉండేది. మా యూనివర్సిటీలో హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లు తయారుచేసిన టీడీసీ-316 ఉండేది. దాన్ని మేం ముట్టుకున్నదే లేదు. అద్దానికి ఇవతల నిలబడి చూసేవాళ్లం. ప్రోగ్రాంలో ఒక్కో వరసకి ఒక్కో పంచ్ కార్డు, కార్డుకి 80 గళ్లు. కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసి కిటికీలో ఇస్తే మర్నాటికి ఫలితం కాగితం మీద వచ్చేది. చాలాసార్లు వచ్చేది తప్పుల పట్టికే. కట్ట పై అంచు మీద పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసుకునేవాళ్లం. కట్ట కిందపడి చెదిరిపోతే ఆ గీతను బట్టి మళ్లీ వరసలో పేర్చుకోవచ్చు. ఎవరి కట్ట జారిపడినా వరండాలో ఉన్నవాళ్లందరం నేల మీద కూర్చుని పేర్చేవాళ్లం. అలా పేర్చమని ఎవరూ నోటీసు పెట్టలేదు. ఆ కట్టలో ఎన్ని రాత్రుళ్లు ఉన్నాయో పేర్చే అందరికీ తెలుసు.

ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవడమనే చిక్కు మనకంటే చాలా ముందు అమెరికాలో ఎంఐటీ వాళ్లకి వచ్చింది. 1961లో ఫెర్నాండో కార్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే పద్ధతిని చేసి చూపించింది. యంత్రం ఒక్కటే, దాన్ని ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్లు కూర్చుని ఒకే సమయంలో వాడుకుంటారు. ఎవరి ఫైళ్లు వాళ్లవి, ఎవరి గంటలు వాళ్లవి అని వేరుచెయ్యడానికి మనిషికో పాస్‌వర్డ్ ఇచ్చారు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలు వచ్చాయి. థీసిస్ పనికి అవి చాలలేదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, పాస్‌వర్డ్‌ల ఫైలుని ప్రింటు తియ్యమని కార్డు మీద కొట్టి యంత్రానికి పెట్టాడు. శనివారం పొద్దున్నే వెళ్లి ఆ కాగితాలు తెచ్చుకున్నాడు. అప్పట్నించి ఇతరుల పేర్లతో లాగిన్ అయి పని సాగించుకున్నాడు. ఈ సంగతి ఆయనే చాలా ఏళ్ల తర్వాత బయటపెట్టాడు.

కంప్యూటర్ పాస్‌వర్డ్ దొంగతనాల్లో మనకు తెలిసిన మొట్టమొదటిది ఇదేనంటారు. చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. షెర్ చెడ్డవాడేం కాదు, తర్వాత పెద్ద ఇంజనీరయ్యాడు. కానీ అతను వాడుకున్న గంటలు మరొకరికి కేటాయించినవి. మా ల్యాబులోనైతే వాళ్లు కుర్చీ వెనక నిలబడి ఉండేవాళ్లు. అక్కడ మధ్యలో టెర్మినలూ తీగలూ వచ్చాయి, ఆ మనిషి కనబడకుండా పోయాడు. నెట్‌వర్క్‌ల చరిత్రలో ఆ తర్వాత జరిగిన ప్రతి తప్పులోనూ ఈ కనబడకపోవడమే నాకు కనిపిస్తూ వచ్చింది.

మాకు తొలి దెబ్బ తీగ మీద రాలేదు, ఫ్లాపీ మీద వచ్చింది. 1989లో ఒక పిల్లవాడు "మేడం, నా డిస్కు పేరు మారిపోయింది" అంటూ పరుగెత్తుకొచ్చాడు. డైరెక్టరీ తీసి చూస్తే లేబుల్ ఉండాల్సిన చోట బ్రెయిన్ అని ఉంది. లాహోర్‌లో కంప్యూటర్ దుకాణం నడిపే అల్వీ సోదరులు, బాసిత్, అమ్జద్, 1986లో రాసిన వైరస్ అది. తమ సాఫ్ట్‌వేర్‌ని దొంగ కాపీలు చేసేవాళ్లని పట్టుకోవడానికి రాశామని వాళ్లు చెప్పుకున్నారు. అందులో దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టారు. లాహోర్ దుకాణం నుంచి కృష్ణా ఒడ్డున మా ల్యాబు దాకా అది చేతులు మారుతూ, పిల్లల పుస్తకాల మధ్య ఫ్లాపీ కవర్లలో కూర్చుని వచ్చిందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

బయటి ఫ్లాపీలు లోపలికి తేకూడదన్న రూలు మా దగ్గర ఆ వారమే పుట్టింది. అయిదుంబావు అంగుళాల ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దాని మీద నల్ల స్టిక్కరు అంటిస్తే ఇక దాంట్లోకి ఏదీ రాయడం కుదరదు. ప్రతి బూట్ ఫ్లాపీకీ నేనూ మా అటెండరూ కూర్చుని స్టిక్కర్లు అంటించాం. మూడో సంవత్సరం పిల్లలు కొందరు మొదటి సంవత్సరం వాళ్ల డిస్కులు తీసుకుని వాటికీ అంటించి ఇచ్చారు. "మీ దాంట్లో పడితే రేపు మా దాంట్లోకి వస్తుంది" అని వాళ్లు చెప్పిన వివరణని మించిన పాఠం నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

అప్పటికే పడమటి దేశాల్లో పెద్ద సంఘటనలు జరిగాయని మాకు ఏడాది ఆలస్యంగా, ఢిల్లీ నుంచి వచ్చే కంప్యూటర్ పత్రికల్లో తెలిసింది. 1987 డిసెంబరులో పశ్చిమ జర్మనీలోని క్లౌస్టాల్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థి ఒకడు స్నేహితులకి పండగ శుభాకాంక్షలు చెబుదామని చిన్న ప్రోగ్రాం రాశాడు. తెరిచి నడిపితే తెర మీద క్రిస్మస్ చెట్టు బొమ్మ వస్తుంది. బొమ్మ చూపిస్తూనే అది చూసినవాళ్ల చిరునామా ఫైలు తెరిచి, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ తన నకలు పంపుతుంది. యూరప్ విద్యాసంస్థల నెట్‌వర్క్ నుంచి అమెరికాలోని బిట్‌నెట్‌కి, అక్కడి నుంచి ఐబీఎం సొంత నెట్‌వర్క్‌కి పాకి లైన్లన్నీ కిక్కిరిసిపోయాయి. ఒక పలకరింపు కోసం ఎంతమంది పనులు మానుకుని రాత్రంతా ఫైళ్లు చెరుపుతూ కూర్చున్నారో ఆ కుర్రాడి ఊహకి అంది ఉండదు. విశ్వవిద్యాలయం అతన్ని గుర్తించి కంప్యూటర్ వాడకుండా ఆపేసింది.

ఏడాది తిరక్కుండానే, 1988 నవంబరు 2న, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రాబర్ట్ టప్పన్ మోరిస్ తన వార్మ్‌ని వదిలాడు. తాను చదివే చోటు నుంచి కాకుండా ఎంఐటీలోని ఒక యంత్రం నుంచి వదిలాడు. ఇంటర్నెట్‌లో అప్పటికి ఉన్నవి సుమారు 60,000 కంప్యూటర్లు. వాటిలో 6,000 దాకా దీని బారిన పడ్డాయని అంచనా. ఫైళ్లు చెరపడం దాని పని కాదు. ఒక యంత్రంలోకి దూరి, పక్క యంత్రానికి పాకడమే. మెయిల్ పంపే ప్రోగ్రాంలోని లొసుగు, ఎవరు లాగిన్‌లో ఉన్నారో చెప్పే ఫింగర్ అనే ప్రోగ్రాంలోని మరో లొసుగు, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, ఇవే దాని దారులు. జనం మామూలుగా పెట్టుకునే 432 మాటల జాబితా దాని కడుపులోనే ఉంది, ఒక్కో మాటా వేసి చూసేది. తర్వాత మా ల్యాబులోనూ పాస్‌వర్డ్‌లు వచ్చాక, పత్రికలో చదివిన ఈ సంగతి గుర్తొచ్చి ఒక సాయంత్రం మా పిల్లల పాస్‌వర్డ్‌లు ఊహించడానికి ప్రయత్నించాను. ఇద్దరు సినిమా హీరోల పేర్లూ, ఒక ఊరి దేవుడి పేరూ వేస్తే సగం తెరుచుకున్నాయి.

మోరిస్ లెక్క ఒకచోట తప్పింది. వార్మ్ అప్పటికే ఉన్న యంత్రంలోకి మళ్లీ వెళ్లకూడదు. కానీ ఉన్నట్టు నటించి ఎవరైనా దాన్ని ఆపేస్తారేమోనని, ఏడుసార్లలో ఒకసారి ఎలాగైనా నిలబడిపొమ్మని రాశాడు. ఆ ఒకటి చాలా ఎక్కువైంది. ఒక్కో యంత్రంలో వందల నకళ్లు పోగై ఊపిరాడనివ్వలేదు. హార్వర్డ్‌లో ఉన్న ఒక స్నేహితుడు అతని తరఫున, పేరు చెప్పకుండా, దీన్నెలా ఆపాలో వివరిస్తూ సందేశం పంపాడు. నెట్‌వర్క్ మూసుకుపోయి ఉండటం వల్ల అది అందాల్సినవాళ్లకి సమయానికి అందలేదు. 1986 నాటి అమెరికా కంప్యూటర్ మోసాల చట్టం కింద 1990లో అతనికి శిక్ష పడింది. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాత అతను ఎంఐటీలోనే ప్రొఫెసరయ్యాడు.

వార్మ్ వచ్చిన ఆ 1988 నవంబరులోనే, ఇలాంటివి మళ్లీ జరిగితే అందర్నీ కూడగట్టడానికి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే అత్యవసర బృందాన్ని ఏర్పాటు చేశారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అప్పటికి ఆ విశ్వవిద్యాలయంలోనే రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నారు.

రెండు నెలలకి, 1989 జనవరిలో, ఇంటర్నెట్ యాక్టివిటీస్ బోర్డు రెండు పేజీల ప్రకటన వెలువరించింది. ఆర్‌ఎఫ్‌సీ 1087 దాని నంబరు, ఇంటర్నెట్ నీతి దాని విషయం. అయిదు పనులు తప్పని చెప్పింది. అనుమతి లేకుండా చొరబడటం, నెట్ ఉద్దేశించిన పనికి అడ్డుపడటం, వనరులు వృథా చెయ్యడం, ఇతరుల సమాచారాన్ని పాడుచెయ్యడం, ఇతరుల గోప్యతకి భంగం కలిగించడం. ఆ కాగితం నా చేతికి చాలా ఆలస్యంగా, 1996లో వచ్చింది. మూడో అంశం దగ్గర ఆగిపోయాను. వృథా కాకూడని వనరులు ఏవో బ్రాకెట్లో చెప్పారు. అందులో మొదటి మాట మనుషులు. నెట్ సామర్థ్యం, కంప్యూటర్లు ఆ తర్వాతే. ఏ ఇంజనీరు ఆ వరస నిర్ణయించాడో గానీ, నవంబరు రాత్రుళ్లు నిద్రమాని యంత్రాలు శుభ్రం చేసినవాళ్లలో ఒకరై ఉంటారని నా నమ్మకం. ఈరోజు చాలా కాలేజీల వెబ్‌సైట్లలో కనిపించే వినియోగ నిబంధనల్లో ఈ అయిదూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. మనుషులు అన్న మాటే ఎక్కడో జారిపోయింది.

మన దేశంలో విద్యాసంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ 1986లో మొదలైంది. ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి డబ్బు పెట్టాయి. అయిదు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, ఎలక్ట్రానిక్స్ శాఖ, అంతే తొలి సభ్యులు. మాలాంటి కాలేజీలకి అది అందని చందమామ. నాతో చదివిన ఒకమ్మాయి మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసేది, అక్కడి సంగతులు ఇన్‌లాండ్ లెటర్లో రాసేది. పగటిపూట పెద్ద ఫైలు పంపితే సీనియర్లు కోప్పడేవాళ్లట. లైను సన్నం, నీ ఫైలు వెళ్లేదాకా పక్క డిపార్ట్‌మెంటు ఉత్తరాలన్నీ ఆగిపోతాయి, రాత్రి పంపుకో అని. అక్కడ కూడా వెనక నిలబడ్డవాళ్లు ఉన్నారని అర్థమై నాకు సంతోషమేసింది.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

1994లో మా ల్యాబుకి నావెల్ నెట్‌వేర్ సర్వరు వచ్చింది. ఇరవై నాలుగు నోడ్లు, డిస్కులు లేవు, అందరి ఫైళ్లూ సర్వర్లోనే. ప్రతి విద్యార్థికీ సొంత పేరు, పాస్‌వర్డ్, డైరెక్టరీ. మూడో సంవత్సరం కుర్రాడొకడు టర్బో సీలో అచ్చం నెట్‌వేర్ లాగిన్ తెరలా కనిపించే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాన్ని నడిపించి వదిలి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాళ్లు పేరూ పాస్‌వర్డూ కొడితే అవి ఒక ఫైల్లోకి వెళతాయి, తెర మీద పాస్‌వర్డ్ తప్పు అని వస్తుంది, ఆ తర్వాత అసలు లాగిన్ మొదలవుతుంది. ఎవరైనా తామే తప్పు కొట్టామనుకుంటారు. పదిహేడు మంది పాస్‌వర్డ్‌లు పోగేశాడు. ఒకరోజు కర్సర్ ఉండాల్సిన చోటికి ఒక గడి పక్కన మెరవడం చూసి నేను పట్టుకున్నాను.

పట్టుకుని ఏం చేశాను? ప్రోగ్రాం మొత్తం చదివి, హెచ్ఓడీ గారి దగ్గరికి వెళ్లి, "ఎంత తెలివైనవాడు సార్!" అన్నాను. వాడిని మందలించాం, పాస్‌వర్డ్‌లు మార్పించాం. తర్వాత ల్యాబు పనుల్లో నాకు సాయం చెయ్యమని వాడినే పక్కన పెట్టుకున్నాను. వాడి తెలివి నాకు ముద్దొచ్చింది.

వాడు ఫైనలియర్ పూర్తిచేసి వెళ్లిపోయేముందు, మాటల్లో మాటగా చెప్పాడు. చెరిపే హక్కు పనిచేస్తోందో లేదో చూద్దామని ఒకసారి ఒక డైరెక్టరీ చెరిపి చూశాడట. ఎవరిదో చెప్పాడు. నా ఒళ్లు చల్లబడింది. ఆ పిల్ల నాకు తెలుసు. బాపట్ల అవతల ఒక పల్లె నుంచి రోజూ ప్యాసింజర్ బండిలో వచ్చేది. టైపు చెయ్యడం మా ల్యాబులోనే నేర్చుకుంది, రెండు వేళ్లతో. ఇంటర్నల్ పరీక్షకి ముందురోజు పన్నెండు రికార్డు ప్రోగ్రాములూ మాయమైపోయాయని నా దగ్గరికి వచ్చింది. "నేనే ఏదో తప్పు కీ నొక్కి ఉంటాను మేడం" అంది. నేను నమ్మాను. "చూసుకుని నొక్కాలి కదమ్మా" అన్నాను.

ఆ పిల్లకి నిజం చెప్పే అవకాశం నాకు రాలేదని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ఆ తర్వాత ఏడాది పాటు ఆమె ఆ గదిలోనే ఉంది. 2022లో రిటైరయ్యేముందు బీరువా ఖాళీ చేస్తుంటే 1994 రిజిస్టరు దొరికింది. పేజీలు తిరగేస్తే ఆమె సంతకాలు కనిపించాయి. వరసగా తొమ్మిది రోజులు, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా. పన్నెండు ప్రోగ్రాములూ మళ్లీ రెండు వేళ్లతో కొట్టింది. ఏడు దాటితే ఆమె ఎక్కే బండి వెళ్లిపోయేది, ఆ తర్వాతి బండి తొమ్మిదింటికి. ఆ తొమ్మిది రోజుల్లో మూడు రోజులు పక్క సిస్టమ్ మీద ఆ కుర్రాడి సంతకం ఉంది.

ఆ కుర్రాడు డైరెక్టరీ సంగతి చెప్పి వెళ్లాకే మా ల్యాబుకి నిబంధనలు రాయించాను. తొమ్మిది అంశాలు, ఒక పేజీ, తెలుగులో. ఇంగ్లీషులో రాస్తే సంతకం పెడతారు గానీ చదవరు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నిజం చెప్పాలి.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకి ఇంటర్నెట్ తెరిచింది. రెండు మూడేళ్లలో మా ఊళ్లో సైబర్ కేఫ్‌లు వచ్చాయి, ప్లైవుడ్ క్యాబిన్లు, గంటకింత అని. పిల్లలు జీఆర్ఈ దరఖాస్తులు అక్కడ పెట్టుకునేవాళ్లు, ఉత్తరాలు అక్కడే చూసుకునేవాళ్లు. లేచి వచ్చేటప్పుడు లాగౌట్ చెయ్యకపోతే తర్వాత కూర్చున్నవాళ్లకి ఆ ఉత్తరాలన్నీ తెరిచి ఉంటాయి. మా పిల్లలు కొందరు అలా తెరిచి ఉన్నవాటిని చదవకుండా మూసేసేవాళ్లు. కొందరు చదివేవాళ్లు. మూసేసిన ఒక కుర్రాడిని ఎందుకు మూశావని అడిగితే, "ఆ సీటు ఇంకా వెచ్చగానే ఉంది మేడం" అన్నాడు.

2000 మే 4న ఐ లవ్ యూ అనే మెయిలు వచ్చింది. మనీలాలో కంప్యూటర్ కాలేజీ విద్యార్థి ఓనెల్ డి గుజ్మన్ రాసింది. పేదవాళ్లు కూడా ఇంటర్నెట్ వాడుకునేలా ఇతరుల పాస్‌వర్డ్‌లు సంపాదించే ప్రోగ్రాం అతను థీసిస్‌గా ప్రతిపాదించాడు, కాలేజీ తిరస్కరించింది. నెట్ ఖరీదైనదన్న అతని బాధ అబద్ధం కాదు. మాకూ ఆ బాధ తెలుసు. కానీ ఆ మెయిలు వచ్చింది తెలిసినవాళ్ల పేరుతో. ప్రేమలేఖ అనుకుని తెరిస్తే అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ వెళ్లిపోయింది, కంప్యూటర్లోని ఫొటోల ఫైళ్ల మీద తన నకలు రాసేసింది. మా ఆఫీసు కంప్యూటర్లో మూడేళ్ల కాలేజీ డే ఫొటోలు, అప్పుడే స్కాన్ చేయించినవి, పోయాయి. ఫిలిప్పీన్స్‌లో అలాంటి పనిని నేరమనే చట్టమే లేకపోవడంతో అతని మీద కేసు నిలబడలేదు. జూన్ 14న అక్కడ ఈ-కామర్స్ చట్టం వచ్చింది. మన ఐటీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం అంతకు అయిదు రోజుల ముందు, జూన్ 9న పడింది. అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో 43వ సెక్షన్ నాకు ఇష్టం. యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్లోకి వెళ్లినా, కాపీ చేసుకున్నా, వైరస్ పెట్టినా, పాడుచేసినా నష్టపరిహారం కట్టాలంటుంది. తెలివి ఎంత అని అడగదు. అనుమతి ఉందా అని అడుగుతుంది. మా నలభై నిమిషాల కుర్చీ దగ్గర అడిగిన ప్రశ్నే.

కానీ 2009లో అమల్లోకి వచ్చిన సవరణతో చేరిన 66ఏ సెక్షన్ మాత్రం వేరే దారి పట్టింది. ఇతరులకి చికాకు కలిగించే సందేశం పంపినా జైలే. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయినీ, దానికి లైక్ కొట్టినందుకు మరొక అమ్మాయినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీం కోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. బాధ్యత పేరు చెప్పి పిల్లల నోరు నొక్కే పెద్దల్ని నేను దగ్గర్నుంచి చూశాను. హాస్టల్ భోజనం బాగాలేదని రాసిన కుర్రాడి లాగిన్ వివరాలు తీసి ఇమ్మని ఒకసారి నన్ను అడిగారు. ఇవ్వనన్నాను. పప్పులో పురుగులున్నాయని చెప్పడం ఎవరి ఫైలునీ చెరపడం కాదు. ఆ రెంటికీ మధ్య గీత తెలియకపోతే నిబంధనలు రాసే అర్హత మనకి లేదు.

2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌లు తెరిచి, పదో తరగతి పాసై వచ్చిన పల్లెటూరి పిల్లలకి మనిషికో ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారే. ఆ వార్త చదివి ఏడ్చినంత పని చేశాను. బాపట్ల అవతలి నుంచి వచ్చిన ఆ పిల్ల మనసులో మెదిలింది. ఇక ఎవరూ ఎవరి కోసమూ నిలబడనక్కర్లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ల్యాబు అవసరం కూడా తగ్గిపోయింది. రిజిస్టర్లో సంతకాలు పలచబడ్డాయి. చివరి ఏళ్లలో పిల్లలు నా దగ్గరికి ప్రాక్టికల్ పరీక్షలకే వచ్చేవాళ్లు. గది నిండా ఖాళీ కుర్చీలు, వాటి వెనకా ఎవరూ లేరు.

రిటైరయ్యాక ఏడాదికి, మా వీధిలో బీటెక్ రెండో ఏడు చదివే కుర్రాడిని వాళ్లమ్మ మా ఇంటికి తీసుకొచ్చింది. బ్యాంకు ఖాతా ఆపేశారు, కంప్యూటర్ తెలిసినదానివి కదా చూడమ్మా అని. వివరం లాగితే బయటికొచ్చింది. సీనియర్ ఒకడు అయిదు వేలిచ్చి, కొత్తగా తెరిచిన ఖాతా ఏటీఎం కార్డు, సిమ్ము అడిగి తీసుకున్నాడు. ఆటల యాప్ డబ్బులు తిప్పడానికన్నాడు. ఆ ఖాతాలోకి ఒక మధ్యాహ్నం మూడు లక్షల పైన వచ్చి, గంటలో వెళ్లిపోయింది. వేరే రాష్ట్రంలో ఎవరో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు. ఇలా ఖాతాలు అద్దెకిచ్చిన కాలేజీ పిల్లల వార్తలు నేను పేపర్లో చూస్తూనే ఉన్నాను.

"నేనేం హ్యాక్ చెయ్యలేదు ఆంటీ. కార్డిచ్చాను, అంతే. ఖాతా ఎప్పుడు తెరుస్తారు?" అదే మాట పదిసార్లు అడిగాడు. పరీక్ష ఫీజు అందులోనే ఉందట.

నేనూ వాళ్లమ్మా వాడిని తీసుకుని సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లాం. ఎస్సై గారు కంప్యూటర్లో ఫిర్యాదు తెరిచి వాడివైపు తిప్పారు. మధ్యప్రదేశ్‌లో ఒక రిటైర్డ్ స్కూలు మాస్టారు, అరవై ఎనిమిదేళ్లు. కరెంటు బిల్లు కట్టలేదంటూ వచ్చిన మెసేజ్ నొక్కాడు. భార్య ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బని హిందీలో రాసి ఉంది. కుర్రాడికి హిందీ బాగా రాదు. ఎస్సై గారు చదివి వినిపించారు.

వాడు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను వాడి కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. కాసేపటికి వెనక్కి తిరిగి నన్ను అడిగాడు.

"ఆ ఆపరేషన్ అయిందా ఆంటీ?"